కొట్టివేతలు

మా తమ్ముడు పోయిన రోజు డాక్టరు నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు.

"కడుపులో పుండు పగిలిందండీ. ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. నెలల తరబడి నొప్పి ఉండి ఉండాలి. మీకు ఏ సూచనా కనిపించలేదా?"

"లేదండీ," అన్నాను.

ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. అడిగీ అడగకముందే జవాబు చెప్పే పిల్లల్ని నేనెప్పుడూ నమ్మేదాన్ని కాదు. ఇంటికి వచ్చాక నా జవాబు మీద నాకే నమ్మకం పోయింది. ఆ "లేదు" నిజమా కాదా అన్నది తేల్చుకోవాలనిపించింది. తేల్చుకోవాలంటే చాలా భయమూ వేసింది.

వాడికి యాభై ఒక్కటి. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. వయసు పెరిగినా బుద్ధి పెరగలేదని అందరూ అనేవాళ్ళు. మాటలు నాలుగే: అక్క, వద్దు, ఇంకా, బండి. కుర్చీ జరిపి, కంచం పెట్టి, రెండుసార్లు పిలిస్తే గాని భోజనానికి లేవడని మా అమ్మ వాడికి "దొర" అని పేరు పెట్టింది. జుట్టు నెరిసినా దొర దొరే. అమ్మ పోయాక నేను ఉద్యోగం ముందుగానే మానేసి వాడితో ఉండిపోయాను. "నలభైమందిని అదుపులో పెట్టినదానివి, వాడొక్కడు నీకో లెక్కా?" అంది మా పిన్ని. నాకూ అలాగే అనిపించింది.

వాడి కోసం ఒక నోటుపుస్తకం పెట్టాను. రోజూ సాయంత్రం కూర్చుని వాడు ఏం తిన్నాడు, ఎలా ఉన్నాడు, ఏం పాడుచేశాడు రాసేదాన్ని. బుద్ధిగా ఉన్న రోజుకి ఒక నక్షత్రం అంటించేదాన్ని. స్కూల్లో మంచి మార్కులకి అంటించే బంగారురంగు నక్షత్రాలు నా దగ్గర రెండు డబ్బాలు మిగిలిపోయాయి. బుద్ధిగా లేని రోజు కింద ఎర్రసిరాతో గీత గీసేదాన్ని.

వాడు పోయిన రెండు నెలలకి ఒక ప్రకటన చూశాను. ఎదుగుదలలో లోపాలున్నవాళ్ళకు తోడుగా పనిచేయడానికి ఆరు నెలల శిక్షణ. దరఖాస్తులో "ఈ పనిలో మీ అనుభవం" అన్నచోట "ఇంట్లో తమ్ముడు ఉన్నాడు" అని రాశాను. చెయ్యి అలవాటుగా రాసేసింది. దిద్దాలని కలం ఎత్తి, దిద్దకుండానే కవరు అంటించాను.

*

తరగతి, అలాంటివాళ్ళని పగటిపూట చూసుకునే ఒక కేంద్రం వెనకగదిలో జరిగేది. ముందు హాల్లో పాతికమంది పెద్దపిల్లలు ఉండేవాళ్ళు. పెద్దపిల్లలంటే ఇరవై ఏళ్ళ నుంచి యాభై దాకా. మేము తొమ్మిదిమందిమి నేర్చుకునేవాళ్ళం. ఏడుగురు నా మనవలంత వాళ్ళు. ఎనిమిదో ఆయన డ్రైవర్. పన్నెండేళ్ళు ఆ కేంద్రం వ్యాను నడిపాడు. చూపు మందగించి స్టీరింగు వదిలేశాక, "ఇన్నాళ్ళూ వీళ్ళని గేటు దగ్గర దించి వెళ్ళిపోయాను, లోపల ఏం చేస్తారో చూడలేదు" అని ఈ తరగతిలో చేరాడు. ఆయనా నేనూ ఆఖరి బెంచీ. జీవితమంతా ఆఖరి బెంచీ మీద ఓ కన్నేసి ఉంచినదాన్ని, చివరికి అక్కడికే చేరాను.

"మీరు టీచరండీ, ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాడి పక్కన కూర్చున్నారు. పేరు చెడిపోతుంది," అన్నాడు మొదటిరోజే.

శిక్షణ ఇచ్చే ఆవిడ ఒకప్పటి నర్సు. అందరం సిస్టర్ అనేవాళ్ళం. మాటలు తక్కువ. మొదటి వారమే ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, పాలలో నానిన బ్రెడ్డు ఇచ్చి, ఒకరికొకరు చెంచాతో తినిపించమంది. తినేవాళ్ళు మాట్లాడకూడదు, చేతులు కదపకూడదు. అవతలి చెయ్యి మీద ఆధారపడటం ఎలా ఉంటుందో తెలియాలంది. నేను డ్రైవర్‌కి తినిపించాను. నాలుగో చెంచాకి ఆయన నియమం తప్పి తల వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మా తల్లీ, నిదానం! తినిపిస్తున్నారా, సిలబస్ పూర్తి చేస్తున్నారా?"

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, దొర కూడా నాలుగో ముద్దకి అలాగే తల వెనక్కి లాక్కునేవాడని గుర్తొచ్చింది. అలాంటి రోజుల కింద ఎర్రగీతలున్నాయి.

రెండో నెలలో రాయడం నేర్పింది సిస్టర్. బోర్డు మీద ఒకటే వాక్యం రాసింది: *చూసింది రాయండి, విన్నది రాయండి, మిగతాది కొట్టేయండి.*

"కోపం వచ్చింది అని రాయొద్దు. కోపం మీకు కనిపించదు. మొహం ఎర్రబడింది, కుర్చీ తన్నాడు, అది కనిపిస్తుంది. మనం రాసింది రేపు ఇంకొకరు చదువుతారు. మన అభిప్రాయం చదివితే వాళ్ళూ అదే చూస్తారు. ఇక ఆ మనిషిని చూసేవాళ్ళు ఎవరూ ఉండరు."

అభ్యాసం కోసం ఇంట్లోనో, కేంద్రంలోనో ఎవరి గురించైనా మీరు రాసింది తెచ్చి, పక్కవాళ్ళతో మార్చుకోమంది. పక్కవాళ్ళు పెన్సిల్‌తో కొట్టేయాలి. నేను దొర నోటుపుస్తకం తీసుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానంటే, నిజం చెప్తున్నాను, అది చక్కగా ఉందని. తేదీలున్నాయి. దస్తూరి కుదురుగా ఉంది. ఒక్కరోజు తప్పిపోలేదు. అంత శ్రద్ధగా రాసిన మనిషికి సూచన కనిపించకుండా పోదు, కాబట్టి సూచన లేదు. నా "లేదు"కి అదే సాక్ష్యం అనుకున్నాను.

మా తమ్ముడు దొర గురించి అని చెప్పి పుస్తకం అందించాను. డ్రైవర్ పెన్సిల్ చెవి మీద నుంచి తీశాడు.

"టీచర్‌గారి నోట్సు దిద్దే యోగం నాకు పట్టింది. మా మేష్టారు బతికుంటే చూసి ఏడ్చేవారు."

మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచాడు. కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

"మళ్ళీ మొండికేశాడు. కూరతో రెండు ముద్దలు తిన్నాడు. కావాలని కంచం తోసేశాడు. ఒక గంట తర్వాత, ఏమీ ఎరగనట్టు, వంటగదిలోకి వెళ్ళి దొంగతనంగా పాల ప్యాకెట్టు కొరికి తాగాడు. మందలించాను. నా మీద అలిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని నేల మీద పడుకున్నాడు."

"మొండితనం కనిపించదు కదండీ?" అన్నాడు.

"కనిపించదు. కొట్టేయండి."

"కావాలని?"

"అదీ కొట్టేయండి."

"ఏమీ ఎరగనట్టు... దొంగతనంగా... పాలు తాగింది మీరు చూశారు, దొంగతనం మీరు పెట్టిన పేరు. అంతేనా?"

"అంతే."

"మందలించాను... నా మీద అలిగి?"

నేను తల ఊపాను. ఆయన ఒక్కొక్క మాట మీద గీత గీసి, మిగిలినదాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఈసారి తడబడలేదు.

"కూరతో రెండు ముద్దలు తిన్నాడు. కంచం తోసేశాడు. ఒక గంట తర్వాత వంటగదిలోకి వెళ్ళి పాల ప్యాకెట్టు కొరికి తాగాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని నేల మీద పడుకున్నాడు."

ఆయన ఇంకో పేజీ తిప్పాడు. ఇంకోటి. పెన్సిల్ ఆడించడం మానేశాడు. ప్రతి పేజీలోనూ పాలున్నాయి. మూడు వారాల తర్వాతి పేజీలో, తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిపించి ఫ్రిజ్‌కి గొళ్ళెం కొట్టించి తాళం వేశానని ఉంది. దాని ముందు నిలబడి "ఇంకా, ఇంకా" అని నసపెట్టాడని ఉంది.

"టీచర్‌గారూ," అన్నాడు డ్రైవర్ గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి. మీ తమ్ముడికి కడుపులో పుండుందేమో. నాకు నాలుగేళ్ళు ఉండింది. వేళకి తిండి లేని ఉద్యోగం కదా. కారం తగిలితే నిప్పు పోసినట్టుండేది. పాలు తాగితే కాసేపు చల్లబడేది. ఇదిగో, ఇలాగే మోకాళ్ళు ముడుచుకుని వ్యాను వెనక సీట్లో పడుకునేవాణ్ణి. మా ఆవిడ తాగొచ్చాననుకునేది."

ఆయన చెప్పక ముందే, ఆ కొట్టేసిన పేజీ విన్నప్పుడే నాకు తెలిసిపోయింది. ఒక పేజీలో నా మాటలు పదో పన్నెండో. అవి తీసేస్తే వాడు అక్కడే ఉన్నాడు. రోజూ చెప్తూనే ఉన్నాడు.

"ఓసారి డాక్టరుకి చూపించండి. ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు.

"చూపిస్తాను," అన్నాను.

ఆయన జేబులోంచి పాత టికెట్టు ముక్క తీసి, వెనక తన డాక్టరు పేరూ వీధీ రాసిచ్చాడు. దాన్ని నోటుపుస్తకంలో పెట్టుకున్నాను.

*

తర్వాతి సోమవారం బెంచీ మీద కూర్చోగానే అడిగాడు.

"చూపించారా?"

"చూపించాను."

"నేను చెప్పిందేనా?"

"అదే. మందులిచ్చారు."

"హమ్మయ్య. తాళం తీసేశారా?"

"తీసేశాను."

అబద్ధమాడిన పిల్లల్ని నేను ఎప్పుడూ కొట్టలేదు. ఎదురుగా నిలబెట్టి, నిజం చెప్పేదాకా ఊరుకునేదాన్ని. ఆ ఊరుకోవడం దెబ్బకన్నా ఎక్కువని వాళ్ళలో ఒకడు పెద్దయ్యాక నాతో అన్నాడు. ఇప్పుడు నా ఎదురుగా ఊరుకునేవాళ్ళు లేరు. ఉన్నది నమ్మే మనిషి.

ప్రతి సోమవారం అడిగేవాడు. "దొరగారు ఎలా ఉన్నారు? తింటున్నారా?" తింటున్నాడనేదాన్ని. ఒక వారం కాస్త ఒళ్ళు చేశాడన్నాను. ఇంకో వారం, తనే వెళ్ళి గ్లాసు తెచ్చుకుంటున్నాడన్నాను. అబద్ధం చెప్పడం మానేద్దామనుకుంటూనే వెళ్ళేదాన్ని. సోమవారం పొద్దున ఆ పది నిమిషాలు దొర కోలుకుంటూ ఉండేవాడు. అది నాకు కావలసి వచ్చింది. ఇంటికి వెళ్ళాక, ఒక్కదాన్నే ఉన్న ఇంట్లో, ఫ్రిజ్ తాళం తీసి మంచినీళ్ళు తాగి, మళ్ళీ తాళం వేసేదాన్ని. తాళంచెవి నడుముకే ఉండేది. తీసేయడానికి చెయ్యి రాలేదు. తీసేస్తే, తీసేయడం అంత తేలికని ఒప్పుకున్నట్టవుతుంది.

*

నాలుగో నెల నుంచి ముందు హాల్లో పని. నాకు అప్పజెప్పిన మనిషిని అందరూ స్టేషన్ మాస్టర్ అనేవాళ్ళు. నలభై దాటిన మనిషి. గేటు దగ్గర నిలబడి, ఏ వాహనం వచ్చినా పచ్చరుమాలు ఊపి లోపలికి రానిచ్చేవాడు. ఆయన ఊపకపోతే సిస్టర్ స్కూటర్ కూడా ఆగాల్సిందే. మాటలు లేవు. నాకు రోజూ నమస్కారం బదులు రుమాలు ఊపేవాడు.

ఒకరోజు గేటు దగ్గరికి రాలేదు. మర్నాడూ రాలేదు. హాల్లో కుర్చీలో కూర్చుని, లేపబోతే నా చెయ్యి తోసేశాడు. అక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఆయాని పెద్దమ్మ అనేవాళ్ళం.

"అలక టీచరమ్మా," అంది పెద్దమ్మ. "మొన్న గేటుకి కొత్త రంగు వేశారు కదా, తనని అడక్కుండా వేశారని. వీడి మొండితనం నాకు తెలీదా? రెండురోజులు పట్టించుకోకు, తనే దారికొస్తాడు."

ఇరవై ఏళ్ళు చూసిన మనిషి. కాదనడానికి నేనెవరిని? అయినా కేంద్రం పని కోసం పెట్టుకున్న నోటుపుస్తకం తీసి రాశాను. *పదకొండింటికి వ్యాను వచ్చింది. తల తిప్పి చూశాడు. లేవలేదు. కుడిపాదం కుర్చీ కిందికి పెట్టుకున్నాడు. లేపబోతే చెయ్యి తోశాడు. పన్నెండుంపావుకి గోడ పట్టుకుని భోజనానికి నడిచాడు.* రాసి మళ్ళీ చదివాను. కొట్టేయడానికి ఏమీ లేదు. గోడ పట్టుకుని అన్న చోట ఆగాను.

"పెద్దమ్మా, బూటు విప్పి చూద్దాం."

"కొత్త బూట్లమ్మా. వాళ్ళక్క ఆదివారం కొనిచ్చింది. విప్పనిస్తాడా?"

నేల మీద కూర్చున్నాను. రుమాలు ఆయన ఒళ్ళో ఉంది. తీసుకుని, అడ్డంగా పట్టుకుని, ఆగమన్నట్టు ఆగాను. ఆయన నన్నూ రుమాలునూ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి రుమాలు లాక్కుని ఒక్కసారి ఊపాడు. రానిచ్చాడన్నమాట. కుడికాలి బూటు విప్పాను. వేళ్ళ దగ్గర, దుకాణంలో బూటు సొట్టపడకుండా కూరే కాగితం ఉండ అలాగే ఉంది. ఎవరూ తీయలేదు. బొటనవేలు ఒరుసుకుపోయి పుండు పడింది.

"ఓరి నాయనో! కాగితం ఉండరా!" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మూడురోజులు కాగితం మీద నడిచావా నాయనా? నా మొహం మండ, అలక అంటినే!"

అందరూ నవ్వారు. సిస్టర్ వచ్చి మందు రాసి, నా నోటుపుస్తకం చదివి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది. నేను స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఇంతే. బూటు విప్పి చూడటమంత పని. నెలల తరబడి నా ఇంట్లో ఆ పని అలాగే ఉండిపోయింది.

*

శిక్షణ ఆఖరి శనివారం మధ్యాహ్నం ఫైళ్ళు ఇచ్చేశాం. నేను స్టేషన్ మాస్టర్ గురించి రాసిన పేజీలు ఇచ్చాను. బయటికి రాగానే డ్రైవర్ నా సంచీ అందుకున్నాడు.

"ఇవాళ దొరగారి దర్శనం చేసుకునే వెళ్తాను. ఇన్నాళ్ళుగా ఆయన కడుపు గురించి నాకు తెలిసినంత మా అల్లుడి గురించి తెలీదు. మొహం చూడకపోతే ఎలా?"

ఇంకోరోజు అనవచ్చు. ఊళ్ళో లేడనవచ్చు. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. "రండి," అన్నాను.

తాళం తీసి తలుపు తోశాను. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి, గొంతు పెద్దది చేసి పిలిచాడు.

"దొరగారూ! డ్రైవర్ వచ్చాడు, బండి సిద్ధం!"

బండి వాడి నాలుగు మాటల్లో ఒకటి. నేను తలుపు పట్టుకున్నాను.

జవాబు రాకపోయేసరికి ఆయన నా వైపు చూశాడు. నేను కుర్చీ చూపించాను. బీరువాలోంచి దొర నోటుపుస్తకం తీసి, చివరి పేజీ తెరిచి, పెన్సిల్‌తో పాటు ఆయన ముందు పెట్టాను.

"ఇదొక్కటి మిగిలింది. ఇది కూడా దిద్దండి."

ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఈ రోజు చాలా బుద్ధిగా ఉన్నాడు. పాలు అడగలేదు. అల్లరి మానేశాడు. పొద్దుటి నుంచి మంచం మీద కదలకుండా పడుకున్నాడు. ముట్టుకోబోతే వద్దు అన్నాడు. మార్పు మొదలైంది."

కింద నక్షత్రం. పక్క పేజీ ఖాళీ.

ఆయన బుద్ధిగా ఉన్నాడన్నది కొట్టేశాడు. అల్లరి మానేశాడన్నది కొట్టేశాడు. మార్పు మొదలైందన్న దాని మీద పెన్సిల్ పెట్టి ఆగిపోయాడు. ఖాళీ పేజీ తిప్పాడు. దాని వెనక పేజీ కూడా తిప్పాడు.

"ఎప్పుడండీ?"

"దీని మర్నాడే. పొద్దున ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మధ్యాహ్నానికి పోయాడు. మనం తరగతిలో చేరేనాటికే రెండు నెలలు దాటింది."

ఆయన ఏదో లెక్కపెడుతున్నట్టు నేలవైపు చూశాడు. సోమవారాలు కాబోలు.

"పుండు పగిలితే కదల్లేరండీ," అన్నాడు చివరికి. "ఊపిరి పీల్చినా నొప్పే." అని, ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నట్టు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"డాక్టరు అడిగాడు, ఏ సూచనా కనిపించలేదా అని. లేదన్నాను. కనిపించాయి. అన్నీ కనిపించాయి. తేదీ వేసి రాసుకున్నాను కూడా."

ఊరుకోండి అంటాడనుకున్నాను. మీ తప్పేముంది అంటాడనుకున్నాను. అనలేదు. అననందుకు ఆయనకి ఈనాటికీ రుణపడి ఉన్నాను. పెన్సిల్ మళ్ళీ తీసుకుని, మిగిలిన రెండు మాటలూ కొట్టేశాడు. వేలితో నక్షత్రాన్ని తడిమాడు.

"ఇది?"

"గీకితే కాగితం చిరుగుతుంది."

ఆయన పుస్తకం మూశాడు. తర్వాత మర్యాద గుర్తొచ్చి లేచాను.

"కాఫీ తాగుతారా?"

"నాకు కాఫీ పడదు కదండీ," అన్నాడు. కాస్త తటపటాయించాడు. "ఉంటే కాసిని పాలివ్వండి. చల్లవే."

వంటగదిలోకి వెళ్ళాను. ఆయన వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి ఫ్రిజ్ తలుపు చూశాడు. తీసేశానని చెప్పిన తాళం దాని మీదే ఉంది. నేను తాళంచెవి తీశాను. ఆయన తాళం సంగతి ఎత్తలేదు. గ్లాసు ఎక్కడుందని అడిగి తనే తెచ్చుకున్నాడు.

పాలు పోశాను. గోడకి ఆనుకుని, నిదానంగా, చిన్న చిన్న గుక్కలుగా తాగాడు. సగం అయ్యాక గ్లాసు ముందుకు చాచాడు.

"ఇంకాస్త ఉన్నాయా?"

ప్యాకెట్టు మొత్తం వంపేశాను. ఆయన తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది. తాళం నా చేతిలో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, చల్లటి గాలి కాళ్ళకి తగులుతుండగా, చాలాసేపు అక్కడే నిలబడ్డాను.